బోరు నీళ్ళలో సున్నం: హైదరాబాద్ పడమటి వైపు కుళాయిలకు గార ఎందుకు పడుతోంది?

క్లుప్తంగా: హైదరాబాద్ పడమటి శివార్లలో చాలా ఇళ్ళ కుళాయిల్లో వచ్చేది జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు కలిసిన మిశ్రమం. బోరు, ట్యాంకర్ల వాటా పెరిగేకొద్దీ నీటి కఠినత్వం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం మోతాదు పెరుగుతుంది. దీనివల్ల నష్టపోయేది ముఖ్యంగా గీజర్లు, వాషింగ్ మెషీన్లు, కుళాయిలు, సబ్బు ఖర్చు. ఆరోగ్యం విషయంలో జనంలో ఉన్నంత భయానికి ఆధారాలు లేవు. నీటిని మెత్తబరిచే యంత్రం సాఫ్ట్‌నర్ ఇంటి ఇబ్బందిని తగ్గిస్తుంది. అయితే అది వదిలే ఉప్పునీరు మళ్ళీ అదే నేలలోకి ఇంకితే, తర్వాత తోడుకునే నీళ్ళు మరింత పాడవుతాయి.

## ఒకే సంపులో మూడు రకాల నీళ్ళు

కొండాపూర్, మాదాపూర్, మణికొండ, నల్లగండ్ల, నిజాంపేట, బాచుపల్లి ప్రాంతాలకు కొత్తగా అద్దెకు వచ్చిన కుటుంబాల ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. సబ్బు నురగ రాదు. తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతుంది. స్టీలు కుళాయి మీద తెల్ల చారలు ఎంత తుడిచినా పోవు. కృష్ణా నీళ్ళకు అలవాటుపడిన విజయవాడ, గుంటూరు వాళ్ళకు ఈ తేడా మొదటి రోజే తెలిసిపోతుంది. ఇదే నగరంలో, జలాశయాల నీళ్ళు నేరుగా అందే పాత ప్రాంతాల్లో ఉన్న బంధువుల ఇళ్ళలో మాత్రం ఈ బాధ అంతగా కనిపించదు. ఊరు ఒకటే, నీళ్ళిచ్చే జలమండలి ఒకటే. మరి నీళ్ళు ఇంత వేరుగా ఎందుకున్నాయి?

జవాబు నగరం పెరిగిన తీరులో ఉంది. 1908లో మూసీ వరద వచ్చాక ఆ నది మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1965లో మంజీరా నీళ్ళు వచ్చాయి. 2000 దశకంలో కృష్ణా, 2015లో గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పైపుల్లో నగరానికి చేరాయి. ఇవన్నీ వాన నీటితో నిండే నదుల, జలాశయాల నీళ్ళు. నేల లోపల ఏళ్ళ తరబడి రాయిని ఒరుసుకుంటూ ఉండే నీళ్ళు కావు కాబట్టి వీటిలో కరిగిన సున్నం తక్కువ. పాత నగరం ఈ నీళ్ళను ఆధారం చేసుకునే పెరిగింది.

పడమటి వైపు కథ వేరు. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడే దాకా శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి విడి మున్సిపాలిటీలు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మణికొండ, నిజాంపేట గ్రామ పంచాయతీలుగానే ఉన్నాయి. ఐటీ కంపెనీల వెంట అపార్ట్‌మెంట్లు ముందు లేచాయి, పెద్ద నీటి పైపులు తర్వాత వచ్చాయి. మధ్యలో ఏర్పడిన ఖాళీని బోరు నింపింది. గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, ఈ పడమటి శివార్లకు ఆనుకునే ఉంది. ఆ నీళ్ళ రుచిని గొప్పగా చెప్పుకున్న నగరంలో, చెరువు పక్కనే లేచిన కాలనీలు వెయ్యి అడుగుల బోర్లు వేసుకోవాల్సి రావడం నగర ప్రణాళికలో నిజంగా బాధపడాల్సిన విషయం.

పైపు కనెక్షన్ వచ్చాక కూడా పరిస్థితి పూర్తిగా మారదు. నగరంలో ఎక్కువ చోట్ల నీళ్ళు రోజు విడిచి రోజు, కొన్ని గంటలపాటే వస్తాయి. ఏ నది నుంచి వచ్చినా జనం వాటిని ఇప్పటికీ ‘మంజీరా నీళ్ళు’ అనే అంటారు. అవి నేల కింద ఉన్న సంపులో పడతాయి. చాలకపోతే బోరు మోటారు వేసి అదే సంపులోకి వదులుతారు. బోరు కూడా అందుకోకపోతే ట్యాంకర్ వస్తుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో మంజీరా నీళ్ళకు వంటగదిలో విడి కుళాయి ఉంటుంది. చాలా వాటిలో అన్నీ ఒకే ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి అన్ని కుళాయిల్లోకి దిగుతాయి.

కలిసిన నీటి కఠినత్వం ఎంతో తెలుసుకోవడానికి లెక్క చాలా తేలిక. ఉదాహరణకు పైపు నీటిలో లీటరుకు 120 మిల్లీగ్రాములు, బోరు నీటిలో 600 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. రెండూ సగం సగం కలిస్తే 360. పైపు నీళ్ళు ఒక వంతు, బోరు నీళ్ళు మూడు వంతులైతే 480. వేసవిలో పైపు సరఫరా తగ్గి, బోరు వాడకం పెరుగుతుంది. అదే ఫ్లాట్‌లో, అదే కుళాయిలో అక్టోబరులో లేని తెల్ల చార మే నెలలో కనిపించడానికి ఇదే కారణం. పక్క పక్క అపార్ట్‌మెంట్లలో అనుభవాలు వేరుగా ఉండటానికీ ఇదే కారణం.

## గ్రానైట్ నేలలో సున్నం ఎక్కడిది?

ఇక్కడ ఒక సందేహం సహజం. కడప, కర్నూలు జిల్లాల్లో సున్నపురాయి పొరలున్నాయి, అక్కడి నీళ్ళు కఠినంగా ఉన్నాయంటే అర్థముంది. లండన్ నగరం కింద సుద్దరాయి పొర ఉంది, అక్కడి కెటిల్‌కు తెల్లగా గార పట్టడం వింతేమీ కాదు. హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. అందులో సున్నపురాయి లేదు. మరి కాల్షియం ఎక్కడి నుంచి వస్తోంది?

గ్రానైట్ అంటే ఒకే పదార్థం కాదు, కొన్ని ఖనిజాల కూర్పు. అందులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలోని ఒక రకానికి కాల్షియం, సోడియం ఉంటాయి. నల్లగా మెరిసే బయోటైట్‌లో, హార్న్‌బ్లెండ్‌లో మెగ్నీషియం ఉంటుంది. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచని ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా కొరికి బంకమట్టిగా మారుస్తుంది. విడిపోయిన కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్ రూపంలో నీటిలో కలిసిపోతాయి.

దీనికి వాతావరణం తోడవుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. కేరళలోలాగా కరిగిన లవణాలను ఏటా కడిగేసి సముద్రానికి తోసేంత వాన కాదు. నేలలో దిగిన నీరు ఎండకు ఆవిరవుతుంది, సున్నం అక్కడే తెల్లని గడ్డలుగా పేరుకుంటుంది. పునాదులు తవ్వేటప్పుడు మొరం మట్టిలో కనిపించే తెల్ల గడ్డలు ఇవే. తర్వాత వానకు దిగే నీరు ఆ గడ్డలను మళ్ళీ కొంత కరిగించుకుని కిందికి తీసుకెళ్తుంది. రాయిలో సున్నపురాయి లేకపోయినా, రాయి మీది మట్టిలో సున్నం తయారై నిల్వ ఉంటోందన్నమాట.

లోతు కూడా ముఖ్యమే. ఒకప్పుడు ఈ ప్రాంతంలో చేదబావులుండేవి. మెత్తబడిన మొరం పొరలో నిలిచిన నీళ్ళు వాటిలో ఊరేవి, ప్రతి వానాకాలం కొత్త నీరు చేరేది. ఆ పొర ఎండిపోయాక బోర్లు గట్టి రాతిలోని పగుళ్ళ దాకా దిగాయి. అక్కడి నీరు చాలాకాలంగా రాయిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కరిగిన లవణాలు సాధారణంగా ఎక్కువ. బోరు లోతు పెంచిన కొద్దీ నీళ్ళు ‘బరువెక్కాయి’ అని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు చెప్పే మాటకు ఆధారం ఇదే.

మురుగు పాత్ర గురించి ఎక్కువగా మాట్లాడుకోరు. డ్రైనేజీ లైను లేని చోట్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి ఇంకే నీటిలో కుళ్ళే పదార్థం కార్బన్ డయాక్సైడ్‌ను పెంచుతుంది. దానితో మట్టిలోని సున్నం ఇంకా కరుగుతుంది. ఇళ్ళ నుంచి వెళ్ళే ఉప్పు, సబ్బు లవణాలూ అందులో చేరతాయి. కఠినత్వంతోపాటు నైట్రేట్ కూడా ఎక్కువగా కనిపించిన బోరు విషయంలో అనుమానించాల్సింది రాయిని కాదు, మురుగును.

## 200, 600 అంకెల అర్థం

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 సవరణ ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. ఈ కొలతను కాల్షియం కార్బనేట్ లెక్కలోకి మార్చి చెబుతారు. 60 లోపు మెత్తని నీరు, 180 దాటితే చాలా కఠిన జలం అనే వర్గీకరణ కూడా విస్తృతంగా వాడుకలో ఉంది. అంటే ప్రమాణం ప్రకారం పర్వాలేదనిపించిన నీరు కూడా గీజర్‌కు గార పట్టించగలదు. ఈ పరిమితి పెట్టడానికి మూల కారణం విషమనే భయం కాదు. పైపులకు గార పట్టడం, ఇంటి వాడకానికి ఇబ్బంది కలగడం.

టీడీఎస్ మీటరు దగ్గర చాలామంది పొరబడతారు. రెండు మూడు వందల రూపాయలకు దొరికే ఈ పెన్ను లాంటి పరికరం నీటిలో విద్యుత్తు ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో కొలిచి, కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అంచనా వేస్తుంది. అందులో కాల్షియం ఎంత, సోడియం ఎంత అన్నది చెప్పదు. సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ తగ్గలేదని, ప్లాంటు పని చేయడం లేదని మెయింటెనెన్స్ వాళ్ళతో గొడవపడే ఫ్లాట్ యజమానులున్నారు. సాఫ్ట్‌నర్ చేసేది కాల్షియంను తీసి ఆ స్థానంలో సోడియం పెట్టడం. టీడీఎస్ దాదాపు అలాగే ఉండటమే అక్కడ సరైన ఫలితం.

కఠినత్వాన్ని కొలిచే పద్ధతి వేరే ఉంది, చూడటానికి బాగుంటుంది కూడా. గాజు ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని, కొంచెం బఫర్ ద్రావణం, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు పదార్థం కలుపుతారు. కాల్షియం, మెగ్నీషియం ఉంటే నీళ్ళు ద్రాక్షసారా ఎరుపులోకి మారతాయి. పైనున్న బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి, కాల్షియం, మెగ్నీషియంను పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కును తిప్పుతారు. ఎరుపు ఊదాలోకి జారి, చివర ఒక్క చుక్కతో స్వచ్ఛమైన నీలం వస్తుంది. అక్కడ ఆపి రీడింగు చూస్తారు. ఒక్కో మిల్లీలీటరుకు 20 లెక్కన, 20 మిల్లీలీటర్లు పడితే కఠినత్వం 400. ఇంట్లో వాడుకునే టెస్ట్ స్ట్రిప్పులకూ కిట్లకూ రంగు మారే ఈ సూత్రమే ఆధారం.

## గీజర్‌లో ఏం జరుగుతుంది?

మామూలు లవణాలు వేడి నీటిలో ఎక్కువ కరుగుతాయి. కాల్షియం కార్బనేట్ దీనికి విరుద్ధం. వేడెక్కేకొద్దీ దాని కరిగే గుణం తగ్గుతుంది. నీళ్ళలో బైకార్బనేట్‌గా ఉన్న కాల్షియం వేడికి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి గట్టి కార్బనేట్‌గా బయటపడుతుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ముందు పేరుకుంటుంది. గీజర్‌లో అది హీటింగ్ ఎలిమెంట్.

రెండేళ్ళు వాడిన గీజర్‌ను మెకానిక్ విప్పినప్పుడు ఎలిమెంట్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. వేలి మందాన ఉండాల్సిన రాగి గొట్టం మీద లేత గోధుమ రంగు పెచ్చులు పొరలు పొరలుగా కట్టి, గొట్టం రెండింతల లావుగా కనిపిస్తుంది. తడితే పెంకుల్లా రాలతాయి. ట్యాంకు అడుగున ఇసుకలాంటి తెల్లని గుల్ల పోగు పడి ఉంటుంది.

దీనివల్ల కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందని అమ్మకందారులు చెబుతుంటారు. నీటిలో మునిగి ఉండే విద్యుత్ ఎలిమెంట్ విషయంలో ఈ మాట అంత నిజం కాదు. గార అడ్డుపడినా ఆ వేడికి వెళ్ళడానికి నీరు తప్ప వేరే దారి లేదు. కొంచెం ఆలస్యంగా అయినా నీటిలోకే వస్తుంది. అసలు నష్టం ఎలిమెంట్‌కు. రాగితో పోలిస్తే సున్నపు పొర వేడిని అతి తక్కువగా ప్రసరింపజేస్తుంది. దానితో లోపలి తీగ మామూలు కంటే చాలా ఎక్కువ వేడెక్కి, గొట్టం చిట్లి కాలిపోతుంది. థర్మోస్టాట్ చుట్టూ గార కడితే అది నీటి వేడిని సరిగా పసిగట్టలేదు. గ్యాస్ గీజర్లలో మాత్రం ఇంధనం నిజంగానే వృథా అవుతుంది. నీటిలోకి వెళ్ళలేని వేడి పొగతో పాటు బయటికి పోతుంది. రాగి గొట్టాలున్న సోలార్ హీటర్లలో గొట్టాలు మూసుకుపోయి నీళ్ళు తిరగడమే ఆగిపోవచ్చు.

వేడిని తగ్గించడం ఖర్చు లేని ఉపాయం. థర్మోస్టాట్‌ను 75 డిగ్రీల మీద కాకుండా 60 దగ్గర పెడితే గార పట్టే వేగం తగ్గుతుంది. కఠిన జలం వచ్చే ఇళ్ళలో గీజర్‌ను ఏడాదికి ఒకసారి విప్పి శుభ్రం చేయించడం, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్చించడం కొత్త గీజర్ కొనడం కంటే చాలా చవక. వాషింగ్ మెషీన్‌కూ ఇదే వర్తిస్తుంది. అందులోనూ హీటర్ ఉన్న మోడళ్ళకే గార బాధ ఎక్కువ, చల్లనీళ్ళతో ఉతికే మెషీన్‌లో తక్కువ.

కుళాయిలు, షవర్ల మీద మచ్చలకు కారణం కొంచెం వేరు. అక్కడ వేడి లేదు, చుక్క ఆరిపోవడమే కారణం. నీరు ఆవిరై లవణం మిగులుతుంది. స్నానం అయ్యాక గాజు పార్టిషన్‌ను వైపర్‌తో ఒకసారి లాగితే సగం సమస్య అక్కడే ఆగుతుంది. చాలా ఇళ్ళలో జరిగేది మాత్రం నెలల తరబడి వదిలేసి, ఆ తర్వాత బాత్రూం యాసిడ్ పోయడం. యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది. దానితోపాటే కుళాయి మీది క్రోమియం పూతను, టైల్స్ మధ్య సిమెంటునూ తినేస్తుంది. ఆపైన గరుకెక్కిన ఆ ఉపరితలం మీద గార ఇంకా తొందరగా పడుతుంది. నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ తడిపిన గుడ్డను అరగంట చుట్టి ఉంచితే మచ్చ వదులుతుంది, పూత నిలుస్తుంది. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలిపి వాడితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. గాలి ఆడని బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

## సబ్బు, బట్టలు, పప్పు

సబ్బు కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కాల్షియం తగిలితే సోడియం బయటికి పోయి, నీటిలో కరగని కాల్షియం సబ్బు ఏర్పడుతుంది. బకెట్ అంచుకు అంటుకునే జిగట తెట్టు అదే. కాల్షియం అంతా ఇలా తీరిపోయాకే నురగ మొదలవుతుంది. లెక్క ప్రకారం ఒక గ్రాము కఠినత్వాన్ని తీర్చడానికి సుమారు 6 గ్రాముల సబ్బు కావాలి. లీటరుకు 300 మిల్లీగ్రాములున్న 20 లీటర్ల బకెట్‌లో 6 గ్రాముల కఠినత్వం ఉంటుంది, అంటే 36 గ్రాముల సబ్బు మింగగలదు. స్నానంలో బకెట్ నీరంతా సబ్బును తాకదు కాబట్టి అంత వృథా కాదు. బట్టల సబ్బుతో బకెట్‌లో నానబెట్టి ఉతికే ఇళ్ళలో మాత్రం ఈ లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది. వాషింగ్ మెషీన్ లేని కుటుంబం మీదే కఠిన జలం భారం ఎక్కువగా పడుతుందన్నమాట. ఈ చర్చలో ఆ కుటుంబం ఊసు అరుదుగా వస్తుంది.

డిటర్జెంట్ పౌడర్లు ఇలా తెట్టు కట్టవు. అయినా వాటిలోని సోడా లాంటి పదార్థాలు ముందు కాల్షియంను అదుపు చేయడానికే ఖర్చవుతాయి, కాబట్టి పౌడర్ ఎక్కువ పడుతుంది. తువ్వాళ్ళు అట్టలా బిగుసుకుపోవడానికి, తెల్ల చొక్కాలు మాసినట్టు కనిపించడానికి నూలు పోగుల మధ్య మిగిలిన సున్నపు రేణువులే కారణం. బట్టలు నానబెట్టే నీటిలో కొంచెం చాకలి సోడా కలపడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. ఆ సోడా కాల్షియంను ముందే విరిచేస్తుంది. పటిక వేస్తే కఠినత్వం పోతుందనే నమ్మకం మాత్రం సరైనది కాదు. పటిక మురికిని కిందికి దించుతుంది, కరిగిన కాల్షియంను ఏమీ చేయలేదు.

వంటింట్లో ముందు బయటపడేది కందిపప్పు దగ్గర. కుక్కర్ నాలుగు కూతలు కూసినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పుగింజలో కణాలను పట్టి ఉంచే పెక్టిన్ ఉడికేటప్పుడు కరగాలి. నీటిలోని కాల్షియం ఆ పెక్టిన్‌తో ముడిపడి దాన్ని గట్టిపరుస్తుంది. చిటికెడు తినే సోడా వేస్తే పప్పు మెత్తబడుతుంది, కాకపోతే కొంత బి1 విటమిన్ నష్టపోతుంది. అన్నం పసుపు రంగు తిరగడానికి ఈ నీళ్ళలో ఉండే క్షారగుణం కారణం. టీ పైన మెరిసే పలుచని పొర కూడా కాల్షియం, బైకార్బనేట్ టీ ఆకులోని పదార్థాలతో కలవడం వల్లనే. నీళ్ళను ముందుగా బాగా మరిగించి, చల్లార్చి, తేటను వంపుకుంటే బైకార్బనేట్ రూపంలో ఉన్న తాత్కాలిక కఠినత్వం చాలావరకు అడుగున ఉండిపోతుంది. క్లోరైడ్, సల్ఫేట్ రూపంలో ఉన్న శాశ్వత కఠినత్వం మరిగించినా పోదు.

## ఆరోగ్యం: భయం ఎంత, ఆధారం ఎంత?

ఈ నీళ్ళు తాగితే కిడ్నీలో రాళ్ళు వస్తాయన్నది బాగా పాతుకుపోయిన మాట. గీజర్‌లో రాయి కట్టినట్టే ఒంట్లోనూ కడుతుందన్న పోలిక వినడానికి సబబుగా ఉంటుంది, కానీ శరీరం గీజర్ కాదు. కిడ్నీ రాళ్ళలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్. వాటికి బలమైన కారణం నీళ్ళు తక్కువ తాగడం. ఆహారంతో పాటు తీసుకున్న కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపుతుంది. నీళ్ళు బాగోలేవని తాగడమే తగ్గించుకుంటే రాళ్ళ ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కఠినత్వానికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. ఇప్పటికే రాళ్ళ సమస్య ఉన్నవాళ్ళు తమ డాక్టరు సలహా పాటించాలి.

చర్మం విషయం కొంచెం సంక్లిష్టం. కరగని సబ్బు తెట్టు చర్మం మీద మిగిలితే పొడిబారడం, దురద రావచ్చు. కఠిన జలం ఉన్న ప్రాంతాల్లో పిల్లల ఎగ్జిమా (దురదతో కూడిన చర్మవ్యాధి) ఎక్కువగా కనిపించిందన్న పరిశీలనలున్నాయి. అయితే బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టినా అదనపు మేలు కనబడలేదు. జుట్టు గరుకుగా అనిపించడం నిజమే, కాల్షియం వెంట్రుక ఉపరితలానికి అంటుకుంటుంది. వెంట్రుక బలం తగ్గుతుందా అన్నదానిపై చిన్న అధ్యయనాలు రకరకాల ఫలితాలిచ్చాయి. కుదుళ్ళ నుంచి జుట్టు రాలడానికి ఈ నీళ్ళే కారణమని తేల్చిన గట్టి ఆధారం లేదు. రాలడం ఎక్కువగా ఉంటే థైరాయిడ్, ఐరన్ లోపం లాంటివి చూపించుకోకుండా నీటిని తిట్టుకుంటూ కూర్చోవడం వల్ల అసలు జబ్బు ముదురుతుంది.

కఠినత్వాన్నీ ఫ్లోరైడ్‌నూ కలిపేయడం దీనికంటే ప్రమాదకరం. నల్గొండ జిల్లా తరతరాలుగా అనుభవించింది ఫ్లోరైడ్ బాధ, అది వేరే సమస్య. నిజానికి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భ జలాల్లో కాల్షియం తరచు తక్కువగా ఉంటుంది, ఎందుకంటే కాల్షియం ఎక్కువైతే ఫ్లోరైడ్ దానితో కలిసి విడిపోతుంది. కాబట్టి సబ్బు బాగా నురగొచ్చే బోరు నీళ్ళు తాగడానికి మంచివని అనుకోవడానికి లేదు. మరిగించినా, సాఫ్ట్‌నర్ పెట్టినా ఫ్లోరైడ్ పోదు. బోరు నీళ్ళు తాగే ఇల్లు కఠినత్వం కంటే ముందు చూపించాల్సినవి ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మజీవులు.

## సాఫ్ట్‌నర్ తీసింది ఎక్కడికి పోతుంది?

మార్కెట్లో రెండు రకాల యంత్రాలను ఒకే గాటన కట్టి అమ్ముతున్నారు. ఆర్వో యంత్రం సన్నని పొర గుండా నీటిని నెట్టి దాదాపు అన్ని లవణాలనూ తీసేస్తుంది. ఇంటి ఆర్వో తీసుకున్న నీటిలో పెద్ద భాగాన్ని బయటికి వదిలేస్తుంది. టీడీఎస్ 500 కంటే తక్కువ ఉన్నచోట ఆర్వో వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది. పైపు నీళ్ళు మాత్రమే తాగే ఇంటికి ఆర్వో అవసరం చాలా అరుదు.

సాఫ్ట్‌నర్‌లో చిన్న రెజిన్ పూసలుంటాయి. అవి నీటిలోని కాల్షియం, మెగ్నీషియంను పట్టుకుని సోడియంను వదులుతాయి. పూసలు నిండిపోయాక చిక్కని ఉప్పునీటితో కడిగితే మళ్ళీ పనికొస్తాయి. లీటరుకు 400 మిల్లీగ్రాముల కఠినత్వం తీస్తే నీటిలో సుమారు 184 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఉన్న ఇంట్లో వంటకూ తాగడానికీ ఈ నీళ్ళు కాకుండా విడి లైను ఉండటం మంచిది. పైపుకు తగిలించే అయస్కాంత పరికరాలు నీటిలోంచి కాల్షియంను తీసేయవు. గార అంటుకోకుండా చేస్తాయన్న మాటకు కూడా నమ్మదగ్గ రుజువులు తక్కువే.

పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఈ ఉప్పు లెక్క ఎంత దూరం పోతుందో చూడాలి. 100 ఫ్లాట్లు, రోజుకు 50,000 లీటర్లు, కఠినత్వం 500 నుంచి 100కు తగ్గించాలి అనుకుందాం. రోజుకు 20 కిలోల కఠినత్వం తీయాలి. దానికి రసాయన లెక్క ప్రకారమే కనీసం 23 కిలోల ఉప్పు కావాలి. రెజిన్‌ను బాగా కడగాలంటే ఆచరణలో దానికి రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటే రోజుకు ఒక 50 కిలోల బస్తా, నెలకు టన్నున్నర. ఆ ఉప్పంతా, తీసేసిన కాల్షియంతో కలిసి, కడిగిన నీటిలో బయటికి పోతుంది.

అది డ్రైనేజీ లైనులో కలిస్తే ఒక లెక్క. వాన నీటి కాలువలోనో, ఖాళీ స్థలంలోనో, మరీ దారుణంగా ఇంకుడు గుంతలోనో పోస్తే, తీసిన కాల్షియం మళ్ళీ అదే భూగర్భ జలంలో చేరుతుంది. వెళ్ళేటప్పుడు బైకార్బనేట్‌గా ఉన్నది తిరిగి వచ్చేటప్పుడు క్లోరైడ్‌గా వస్తుంది. ఇంతకుముందు మరిగిస్తే పోయే కఠినత్వం ఇప్పుడు మరిగించినా పోదు. సాఫ్ట్‌నర్ కొనుక్కోలేని పక్క వీధి ఇంటి బోరులోకి చేరేది కూడా ఈ నీరే. ఈ ఉప్పునీరు ఎక్కడికి పోతుందన్నది ప్లాంటు కొనేటప్పుడు ఎవరూ అడగడం లేదు. నిజానికి ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

## ముందు ముందు ఏం మారవచ్చు?

ఇంటి స్థాయిలో ముందు కావాల్సింది వివరం. సంపులో రోజుకు ఎన్ని లీటర్ల పైపు నీళ్ళు, ఎన్ని బోరు నీళ్ళు, ఎన్ని ట్యాంకర్లు పడుతున్నాయో సంఘం దగ్గర లెక్క ఉండాలి. నీటిని ఏడాదికి రెండుసార్లు, ఒకసారి మే నెలలో, ఒకసారి వానలు వెళ్ళాక పరీక్ష చేయిస్తే మిశ్రమం ఎలా మారుతోందో తెలుస్తుంది. నీళ్ళన్నిటినీ మెత్తబరచాల్సిన పని లేదు. టాయిలెట్ ఫ్లష్‌కు, మొక్కలకు, నేల తుడవడానికి కఠిన జలం చాలు. బాత్రూం, వాషింగ్ మెషీన్ లైన్లకు మాత్రమే సాఫ్ట్‌నర్ పెడితే ఉప్పు వాడకం బాగా తగ్గుతుంది. కఠినత్వాన్ని 100 దాకా దించకుండా, మెత్తబడిన నీటిలో కొంత మామూలు నీరు కలిపి 200 దగ్గర ఉంచినా గార సమస్య చాలావరకు అదుపులో ఉంటుంది.

వాన నీటిని ఇంకించడం వల్ల పైపొరల్లో లవణాల గాఢత తగ్గే అవకాశముంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం భూగర్భ జలాల రక్షణ కోసం కూడా వచ్చింది. అయితే ఇంకుడు గుంత ఫలితం లోతు బోరులో ఒకటి రెండు వానాకాలాల్లో కనిపిస్తుందని ఆశించకూడదు. గుంతలోకి పై కప్పు నీరు తప్ప మరేదీ పోకుండా చూసుకోవాలి.

అసలు మార్పు పైపు సరఫరాలోనే ఉంది. జలమండలి 2021 జనవరిలో మొదలుపెట్టిన ఉచిత నీటి పథకం ప్రకారం ఇంటికి నెలకు 20,000 లీటర్లు. రోజుకు లెక్కేస్తే సుమారు 667 లీటర్లు, నలుగురున్న కుటుంబానికి సరిపోతాయి. ప్రతి ఫ్లాట్‌కూ నిజంగా అన్ని నీళ్ళు పైపులో చేరితే బోరు మోటారు వేయాల్సిన రోజులే తగ్గుతాయి, సాఫ్ట్‌నర్ అవసరం చాలా చోట్ల ఉండదు. ఎన్ని ఫ్లాట్లకు కలిపి ఎంత పరిమాణానికి కనెక్షన్ తీసుకున్నారో, నెలకు మీటరులో ఎంత తిరుగుతోందో పక్కపక్కన పెట్టి చూస్తే లోటు ఎంతో తెలిసిపోతుంది. ప్లాంటు కోసం లక్షలు చందాలు వేసుకునే ముందు ఆ లోటును కాగితం మీద పెట్టి, అదనపు కనెక్షన్ కోసం దరఖాస్తు చేసుకోవడం అపార్ట్‌మెంట్ సంఘాల చేతిలో ఉన్న పని.